వేగవంతమైన కార్లకు కొత్త బ్రేక్ డిస్కులు: ఎంపికలో, బిగింపులో గమనించాల్సినవి

గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న 1,500 కిలోల కారును పూర్తిగా ఆపాలంటే దాదాపు 580 కిలోజౌళ్ల గతిశక్తిని వేడిగా మార్చాలి. వేగం 200 కిలోమీటర్లకు చేరితే ఆ శక్తి రెట్టింపుతో ఆగదు, నాలుగు రెట్లవుతుంది. ఈ వేడిలో అత్యధిక భాగాన్ని ముందుగా తనలోకి తీసుకునేది చక్రంతో పాటు తిరిగే పోత ఇనుప పళ్లెం. దాన్నే బ్రేక్ డిస్క్ అని, రోటర్ అని వ్యవహరిస్తారు. బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వాలుతుంది కాబట్టి పనిలో 70 శాతం ముందు చక్రాలదే అనుకుంటే, పది కిలోల బరువుండే ఒక్కో ముందు డిస్కు 100 నుంచి ఒక్కసారి ఆగేసరికి సుమారు 40 డిగ్రీల సెల్సియస్, 200 నుంచి ఆగేసరికి సుమారు 170 డిగ్రీల మేర వేడెక్కుతుంది. చల్లారే వ్యవధి లేకుండా మళ్లీ బ్రేకు వేస్తే ఆ వేడి ఒకదానిపై ఒకటిగా పేరుకుంటుంది.

మన దేశంలో శక్తిమంతమైన ఇంజిన్లున్న కార్లు ఒకప్పుడు అరుదు. స్కోడా సంస్థ ఆక్టేవియా ఆర్‌ఎస్ 230ను 2017లో, ఆర్‌ఎస్ 245ను 2020లో ఇక్కడ విక్రయించింది. ఫోక్స్‌వ్యాగన్ 2025లో గోల్ఫ్ జీటీఐని దిగుమతి చేసుకుని పరిమిత సంఖ్యలో అమ్మింది. ఇలాంటి కార్లు వారంటీ గడువు దాటి రెండో యజమాని చేతికి వచ్చేసరికి డిస్కులు మార్చాల్సిన సమయం కూడా వస్తుంది. అప్పుడు ఒకవైపు అధీకృత సర్వీసు కేంద్రం చెప్పే ధర, మరోవైపు రంధ్రాలు, గాడులతో ఆకట్టుకునే డిస్కులు కనిపిస్తాయి. ఏ డిస్కు కొనాలన్న దానిపై జరిగినంత చర్చ దాన్ని ఎలా బిగించాలన్న దానిపై జరగదు. కొత్త డిస్కులు వేసిన కొన్ని నెలలకే బ్రేకు తొక్కగానే స్టీరింగ్ వణుకుతోందన్న ఫిర్యాదుల మూలం చాలా సందర్భాల్లో డిస్కు నాణ్యతలో ఉండదు. దాని వెనుక ఉన్న హబ్ ముఖంపై వదిలేసిన తుప్పులో ఉంటుంది.

మార్చాల్సిన సమయం

ప్రతి డిస్కుకూ తయారీదారు ఒక కనిష్ఠ మందాన్ని నిర్ణయిస్తాడు. ఆ అంకె సాధారణంగా డిస్కు అంచుపై గానీ, మధ్యలోని టోపీ వంటి భాగంపై గానీ చెక్కి ఉంటుంది. ఏడో తరం గోల్ఫ్ జీటీఐలో పెర్ఫార్మెన్స్ ప్యాక్ ఉన్న రకాన్ని ఉదాహరణగా తీసుకుంటే, దాని ముందు డిస్కు వ్యాసం 340 మి.మీ., కొత్తగా ఉన్నప్పటి మందం 30 మి.మీ. అది 27 మి.మీ.కు చేరితే మార్చాల్సిందే. పైకి చూస్తే పోయింది పదో వంతే అనిపిస్తుంది. అయితే ఈ డిస్కు గుల్లగా ఉంటుంది. రెండు పలకల మధ్య గాలి పోయే మార్గాలుంటాయి. అరిగేది పలకలే కాబట్టి, వేడిని నిల్వ చేసుకునే ఇనుములో తరుగుదల పదో వంతు కన్నా ఎక్కువ. అరిగిన డిస్కు అదే బ్రేకింగ్‌కు కొత్తదాని కన్నా ఎక్కువ వేడెక్కుతుంది, పగుళ్లకు త్వరగా లోనవుతుంది.

మందాన్ని మైక్రోమీటరుతో కొలవడం మంచిది. వర్నియర్ క్యాలిపర్ దవడలు డిస్కు అంచున ప్యాడ్ తాకని చోట మిగిలిపోయే గట్టును పట్టుకుంటాయి. అందువల్ల అసలు మందం కన్నా ఎక్కువ చూపిస్తాయి. చుట్టూ ఎనిమిది చోట్ల కొలిస్తే అరుగుదలతో పాటు మందంలో తేడాలు కూడా బయటపడతాయి.

ఉపరితలంపై వెంట్రుకల్లా కనిపించే సన్నని గీతలు గట్టిగా వాడిన డిస్కులపై మామూలే. అవి బయటి అంచు వరకూ పాకినా, ఒక రంధ్రం నుంచి మరో రంధ్రానికి కలిసినా, వేలి గోరు తట్టుకునేంత లోతుగా ఉన్నా ఆ డిస్కును ఇక వాడకూడదు. నీలి రంగు మచ్చలు మరో సంకేతం. పోత ఇనుము స్థానికంగా సుమారు 650, 700 డిగ్రీలు దాటి వేడెక్కినప్పుడు అక్కడ సిమెంటైట్ అనే కఠినమైన పదార్థం ఏర్పడుతుంది. చుట్టూ ఉన్న ఇనుము అరుగుతుంది, ఆ మచ్చ అరగదు. లేత్‌పై చెక్కించినా అది లోతుగా పాతుకుని ఉంటుంది కాబట్టి కొంతకాలానికి మళ్లీ గడ్డలా పైకి తేలుతుంది.

వంకర పోయిందన్న మాట

బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణుకుతోందని చెప్పగానే మెకానిక్ నోట వచ్చే మాట డిస్కు బెండ్ అయిందని. అత్యంత అరుదుగా తప్ప అలా జరగదు. అసలు జరిగేది ఇది. డిస్కు హబ్‌పై సరిగ్గా కూర్చోకపోతే తిరిగేటప్పుడు అటూ ఇటూ అతి స్వల్పంగా ఊగుతుంది. దీన్నే రనౌట్ అంటారు. కొత్తగా బిగించిన రోజున ఇది డ్రైవరుకు తెలియదు. స్లైడింగ్ క్యాలిపర్ దానితో పాటే కదిలి సర్దుకుంటుంది. కానీ బ్రేకు వేయకుండా హైవేపై వెళ్తున్నంత సేపూ డిస్కు ఊగిన చోట ప్రతి చుట్టుకూ ఒకసారి ప్యాడ్‌ను తాకుతూ ఉంటుంది. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత ఆ చోట ఇనుము కొద్దిగా అరుగుతుంది, లేదా ప్యాడ్ పదార్థం అక్కడ అంటుకుంటుంది. అలా డిస్కు మందంలో తేడా ఏర్పడుతుంది. ఈ తేడా మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు చేరితే చాలు, బ్రేకు ద్రవపు పీడనం ప్రతి చుట్టుకూ పెరిగి తగ్గుతూ పెడల్‌లో, స్టీరింగ్‌లో కంపనంగా తెలుస్తుంది.

అందుకే ఈ లోపం బిగించిన కొన్ని వేల కిలోమీటర్లకు గానీ బయటపడదు. అప్పటికి బిగించిన చేతులను ఎవరూ అనుమానించరు, డిస్కు కంపెనీని నిందిస్తారు. మళ్లీ కొత్త డిస్కులు కొని, శుభ్రం చేయని అదే హబ్‌పై బిగిస్తారు. ఖర్చు రెట్టింపవుతుంది, ఫలితం మారదు.

వేడెక్కిన బ్రేకులతో ఆగి, పెడల్‌ను గట్టిగా తొక్కిపట్టి ఉంచడం కంపనానికి మరో కారణం. టోల్ గేటు వద్దనో, ఘాట్ దిగిన వెంటనే కూడలి వద్దనో ఇలా చేస్తే వేడి ప్యాడ్ తన ఆకారాన్ని డిస్కుపై ముద్రలా వదులుతుంది. ఇది కొత్తగా ఏర్పడి, పలుచగా ఉంటే సరైన రీతిలో మళ్లీ బెడ్డింగ్ చేయడంతో పోవచ్చు.

ఏ డిస్కు కొనాలి

మొదటి ప్రశ్న పరిమాణానిది. ఒకే పేరున్న కారుకు ఒకే డిస్కు ఉంటుందని అనుకోకూడదు. ఏడో తరం గోల్ఫ్ జీటీఐ సాధారణ రకానికి ముందు 312 మి.మీ. వ్యాసం, 25 మి.మీ. మందం గల డిస్కులు, వెనుక 300 మి.మీ. వ్యాసపు గుల్ల లేని డిస్కులు ఉంటాయి. పెర్ఫార్మెన్స్ ప్యాక్ రకానికి ముందు 340, వెనుక 310 మి.మీ. వ్యాసం గల డిస్కులుంటాయి, వెనుకవి కూడా గుల్లవే. కారు పేరు, తయారైన సంవత్సరం మాత్రమే చెప్పి ఆర్డరు పెడితే తప్పు వస్తువు చేతికి రావడానికి అవకాశం ఎక్కువ. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లలో ఈ వివరాన్ని తెలిపే మూడక్షరాల సంకేతాలు డిక్కీలోని స్టెప్నీ గుంతలో గానీ, సర్వీసు పుస్తకంలో గానీ అంటించిన చీటీపై ఉంటాయి. చాసిస్ నంబరు ద్వారా విడిభాగం సంఖ్యను నిర్ధారించుకోవడం ఇంకా భద్రం. వ్యాసం, మందం, బోల్టు రంధ్రాల వలయంతో పాటు మధ్య రంధ్రం కొలత, డిస్కు మొత్తం ఎత్తు కూడా కలవాలి. ఎత్తులో రెండు మిల్లీమీటర్ల తేడా ఉన్నా డిస్కు క్యాలిపర్ మధ్యకు రాదు.

రెండో ప్రశ్న ఉపరితలానిది. సాదా డిస్కు, గాడులున్న డిస్కు, రంధ్రాలున్న డిస్కు అని మూడు రకాలు మార్కెట్లో కనిపిస్తాయి. రంధ్రాలు డిస్కును చల్లబరుస్తాయన్న నమ్మకం బలంగా ఉంది. వాటి వల్ల కొంత ఉపరితలం పెరిగే మాట నిజమే అయినా, వేడిని పట్టి ఉంచే ఇనుము తగ్గే మాట కూడా నిజమే. వర్షంలో తొలి స్పర్శ కాస్త మెరుగ్గా ఉంటుంది, బరువు కొద్దిగా తగ్గుతుంది. దానికి బదులుగా ప్రతి రంధ్రం అంచూ పగులు మొదలవడానికి అనువైన చోటవుతుంది. పోర్షే వంటి సంస్థలు రంధ్రాల స్థానాన్ని, అంచుల వాలును లెక్కకట్టి పరీక్షించి వాడతాయి. మామూలు డిస్కును తెచ్చి డ్రిల్లు యంత్రంతో రంధ్రాలు పొడిచి అమ్మే వాటికి ఆ భరోసా ఉండదు. అందులోనూ గాలి మార్గాల రెక్కలపై పడిన రంధ్రం డిస్కును బలహీనపరుస్తుంది.

గాడుల విషయం వేరు. అవి ప్యాడ్ ఉపరితలాన్ని ఎప్పటికప్పుడు గీకి తాజాగా ఉంచుతాయి, దుమ్మును బయటికి తోస్తాయి. పోటీ కార్లలో రంధ్రాల కన్నా గాడులే ఎక్కువగా కనిపించడానికి కారణం అదే. రోజువారీ వాడకంలో ప్యాడ్లు కొంత త్వరగా అరుగుతాయి, గట్టిగా బ్రేకు వేస్తే చిన్న గరగర వినిపిస్తుంది. నగరంలో, హైవేపై నడిచే కారుకు అసలు తయారీదారు కొలతలతో, మంచి సంస్థ పోసిన సాదా గుల్ల డిస్కును మించినది అవసరం లేదన్నది నిష్పక్షపాతంగా చెప్పదగిన మాట. కార్బన్ శాతం ఎక్కువున్న పోత ఇనుపవి దొరికితే మరీ మంచిది. అవి వేడిని బాగా ప్రసరింపజేస్తాయి, కీచుమనే శబ్దాన్ని అణుస్తాయి.

సాదా, గాడుల చర్చలో మరుగున పడేది డిస్కు లోపలి రెక్కల అమరిక. చాలా డిస్కుల్లో అవి నిటారుగా ఉంటాయి, అలాంటివి ఏ పక్కనైనా బిగించవచ్చు. కొన్నింటిలో రెక్కలు వంపు తిరిగి ఉంటాయి. వీటికి ఎడమ, కుడి వేరువేరు. కారు ముందుకు సాగేటప్పుడు డిస్కు మధ్య నుంచి గాలిని లాగి అంచుల గుండా బయటికి విసరాలి. బిగించాక డిస్కు పైభాగాన చూస్తే రెక్కల బయటి కొసలు కారు వెనుక వైపుకు వాలి ఉండాలి. ఉపరితలంపై గాడులు ఎటు చూస్తున్నాయన్న దాన్ని బట్టి పక్కను నిర్ణయించడం పొరపాటు, రెక్కలను చూడాలి. తారుమారైతే బ్రేకు పనిచేయకపోదు గానీ గాలి ప్రవాహం తగ్గి డిస్కు అవసరానికి మించి వేడెక్కుతుంది.

ఇనుప వలయాన్ని అల్యూమినియం టోపీకి కలిపిన రెండు ముక్కల డిస్కులు బరువు తగ్గిస్తాయి, వేడికి వలయం స్వేచ్ఛగా వ్యాకోచించేలా చేస్తాయి. ట్రాక్‌పై తరచుగా వెళ్లేవారికి వాటి ధరకు అర్థముంది. కార్బన్ సెరామిక్ డిస్కులు మరో మెట్టు పైన ఉంటాయి. పోర్షే 2001లో 911 జీటీ2తో వీటిని ప్రవేశపెట్టింది. ఇనుప డిస్కు బరువులో ఇవి దాదాపు సగమే ఉంటాయి. ఖర్చు లక్షల్లో ఉంటుంది, ప్యాడ్లు ప్రత్యేకం, చక్రం తీసేటప్పుడు అంచుకు తగిలితే పెచ్చు లేస్తుంది. వీటితో వచ్చిన కారును కొనేవారు డిస్కుల స్థితిని ముందే పరీక్షించుకోవడం అవసరం.

కోయంబత్తూరు దగ్గరి కారి స్పీడ్‌వేకు, చెన్నై శివార్లలోని ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు సొంత కార్లతో వెళ్లే ఔత్సాహికులు ముందుగా కొనవలసింది డిస్కులు కాదు. ఎక్కువ వేడిని తట్టుకునే ప్యాడ్లు, తాజా బ్రేక్ ద్రవం ముందు. డాట్ 4 ద్రవానికి ప్రమాణం ప్రకారం మరిగే ఉష్ణోగ్రత తాజాగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీలు, తేమ పీల్చాక కనీసం 155 డిగ్రీలు. డాట్ 5.1కు ఇవి 260, 180. ద్రవం గాలిలోని తేమను తనంతట తానే పీల్చుకుంటుంది. విశాఖపట్నం, చెన్నై వంటి తీర నగరాల్లో రెండేళ్లకు మించి దాన్ని మార్చకుండా ఉంచడం ప్రమాదకరం. మరిగిన ద్రవంలో ఆవిరి బుడగలు ఏర్పడితే పెడల్ నేల వరకూ దిగిపోతుంది. ఎంత ఖరీదైన డిస్కు ఉన్నా అప్పుడు ప్రయోజనం ఉండదు.

ఇదే లెక్క ఘాట్ రోడ్డుకూ వర్తిస్తుంది. తిరుమల నుంచి తిరుపతికి దిగే కారు సుమారు 700 మీటర్ల ఎత్తు కోల్పోతుంది. ఇంజిన్, గాలి ఏమీ నిరోధించవనుకుంటే, 1,500 కిలోల కారుకు అది 100 కిలోమీటర్ల వేగం నుంచి దాదాపు 18 సార్లు పూర్తిగా ఆగినంత వేడి. పైగా తక్కువ వేగంలో డిస్కులకు తగిలే గాలి తక్కువ. తక్కువ గేరులో దిగితే ఈ భారంలో గణనీయమైన భాగాన్ని ఇంజిన్ మోస్తుంది. కనిష్ఠ మందానికి చేరువైన డిస్కులతో, మూడేళ్ల నాటి ద్రవంతో, గేరు తటస్థంలో ఉంచి దిగే కారులో ఈ మూడు లోపాలూ ఒకేసారి కలుస్తాయి.

కొనుగోలు విషయంలో మరో రెండు మాటలు. ఐరోపాలో ప్రత్యామ్నాయ డిస్కులకు ఈసీఈ ఆర్90 నిబంధన ఉంది. దాన్ని నెగ్గిన డిస్కుపై వలయంలో ఈ అక్షరం, పక్కన అనుమతి సంఖ్య ముద్రించి ఉంటాయి. విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా, ఢిల్లీ కశ్మీరీ గేట్ నుంచి తెప్పించినా ఈ గుర్తును, డిస్కుపై చెక్కిన కనిష్ఠ మందాన్ని, విడిభాగం సంఖ్యను పెట్టెపై ఉన్నవాటితో సరిపోల్చుకోవాలి. కనిష్ఠ మందం అంకె లేని డిస్కును తిరిగి ఇచ్చేయడమే మంచిది. రెండోది చట్టం. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ వాహన వివరాలు తయారీదారు పేర్కొన్నవాటికి భిన్నంగా మారేలా మార్పులు చేయడాన్ని నిషేధిస్తుంది. అదే కొలతల డిస్కును అదే చోట మార్చడం మరమ్మతే. పెద్ద క్యాలిపర్లు, పెద్ద డిస్కులతో కూడిన కిట్ అమర్చే ముందు బీమా సంస్థ వైఖరిని రాతపూర్వకంగా తెలుసుకోవడం వివేకం.

బిగింపు

డిస్కులను ఒకే ఇరుసుకు రెండువైపులా జతగా మార్చాలి, వాటితో పాటు ప్యాడ్లనూ కొత్తవే వేయాలి. పాత ప్యాడ్ పాత డిస్కు గాళ్లకు అనుగుణంగా అరిగి ఉంటుంది. కొత్త చదునైన డిస్కుపై అది కొన్ని గీతల మేరకే ఆనుతుంది.

కారును చదునైన నేలపై నిలిపి, నేలపై ఉండే చక్రాలకు అడ్డు పెట్టి, చక్రపు బోల్టులను కొద్దిగా వదులు చేసిన తర్వాతే ఎత్తాలి. జాకీ ఎత్తడానికి మాత్రమే. కారు బరువు స్టాండ్లపై నిలవాలి. ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న కార్లలో వెనుక డిస్కులు మార్చేటప్పుడు డయాగ్నస్టిక్ పరికరంతో దాన్ని సర్వీసు స్థితికి తీసుకెళ్లాలి. గోల్ఫ్ జీటీఐలోనూ ఇదే పద్ధతి. మోటారు వెనక్కి జరగకముందే పిస్టన్‌ను బలవంతంగా నెడితే క్యాలిపర్ లోపలి యంత్రాంగం పాడవుతుంది. తీగతో పనిచేసే పాత తరహా హ్యాండ్ బ్రేకు కార్లలో వెనుక పిస్టన్‌ను తిప్పుతూ లోపలికి పంపాలి, నేరుగా నెట్టకూడదు.

క్యాలిపర్‌ను విప్పాక దాన్ని రబ్బరు గొట్టంపై వేలాడనివ్వకుండా తీగతో స్ప్రింగుకు కట్టాలి. డిస్కును హబ్‌కు పట్టి ఉంచే చిన్న స్క్రూ తుప్పుతో బిగుసుకుపోవడం మామూలే. ఫోక్స్‌వ్యాగన్ కార్లలో దానికి టోర్క్స్ టీ30 తల ఉంటుంది. తల నలిగిపోకముందే ఇంపాక్ట్ డ్రైవర్ పెట్టి సుత్తితో కొట్టి వదులు చేయడం ఉత్తమం.

పాత డిస్కు వచ్చాక అసలు పని మొదలవుతుంది. హబ్ ముఖంపై పొరలు కట్టిన తుప్పు ఉంటుంది. దాన్ని వైర్ బ్రష్‌తో, గరుకు చక్రంతో, ముఖ్యంగా ప్రతి బోల్టు రంధ్రం చుట్టూ, మధ్య ఉబ్బు మొదట్లోని మూలలో లోహం కనిపించే వరకూ తొలగించాలి. ఎందుకింత పట్టుదల అన్నది చిన్న లెక్కతో తేలుతుంది. హబ్ ముఖం వ్యాసం 140 మి.మీ. అనుకుందాం. దాని అంచున 0.05 మి.మీ. మందమున్న తుప్పు పెచ్చు ఒక్కటి మిగిలిందనుకుందాం. అది ఒక కాగితం మందంలో దాదాపు సగం. డిస్కు ఆ మేరకు ఒకవైపు ఒరుగుతుంది. 340 మి.మీ. డిస్కుపై అంచు నుంచి పది మిల్లీమీటర్ల లోపల, అంటే 320 మి.మీ. వ్యాసం దగ్గర కొలిస్తే ఆ ఒరుగుదల సుమారు 0.11 మి.మీ. రనౌట్‌గా కనిపిస్తుంది. కారుపై కొలిచినప్పుడు చాలా తయారీ సంస్థలు అనుమతించే పరిమితి 0.05 నుంచి 0.1 మి.మీ. మధ్య ఉంటుంది. కంటికి ఆనని పెచ్చు ఒక్కటే ఆ పరిమితిని దాటిస్తుంది.

ఇదే కారణంగా హబ్ ముఖంపై రాగి గ్రీజును దట్టంగా పూయడం మంచి అలవాటు కాదు. తుప్పు పట్టకుండా ఉండాలనుకుంటే మధ్య ఉబ్బు అంచుకు అతి పలుచగా రాస్తే సరిపోతుంది. కొత్త డిస్కులకు తుప్పు పట్టకుండా నూనె పూసి పంపిస్తారు. దాన్ని బ్రేక్ క్లీనర్‌తో రెండు ముఖాలూ, లోపలి గాలి మార్గాలూ కడగాలి. బూడిద రంగు రక్షణ పూత ఉన్న వాటిని నూనె లేకపోతే అలాగే బిగించవచ్చు, ప్యాడ్ తాకే చోట పూత కొద్ది దూరంలోనే పోతుంది.

డిస్కు పెట్టాక చక్రం లేకుండానే వాషర్లు వేసి బోల్టులతో సమంగా బిగించి, డయల్ గేజ్ పెట్టి నెమ్మదిగా ఒక చుట్టు తిప్పాలి. పరిమితి దాటితే డిస్కును విప్పి, ఒక బోల్టు రంధ్రం మేర పక్కకు తిప్పి మళ్లీ కొలవాలి. హబ్‌లో ఉన్న స్వల్ప ఊగు, డిస్కులో ఉన్న స్వల్ప ఊగు ఒకదాన్నొకటి రద్దు చేసే స్థానం తరచుగా దొరుకుతుంది. నిలుపు స్క్రూ ఉన్న కార్లలో ఈ స్వేచ్ఛ ఉండదు. అక్కడ హబ్ శుభ్రతపైనే ఆధారపడాలి, అప్పటికీ లోపం పోకపోతే బేరింగ్‌ను అనుమానించాలి. డయల్ గేజ్ పెద్ద ఖరీదైన పరికరమేమీ కాదు. దాన్ని వాడే వర్క్‌షాపును వెతుక్కోవడం, మెరిసే డిస్కులను వెతకడం కన్నా ఎక్కువ లాభం.

పిస్టన్‌ను లోపలికి నెట్టేటప్పుడు ద్రవపు డబ్బా పొంగకుండా చూడాలి. ద్రవం రంగును తినేస్తుంది. స్లైడింగ్ క్యాలిపర్ పిన్నులు చేత్తో సులువుగా కదలాలి. బిగుసుకుంటే శుభ్రం చేసి బ్రేకులకు ఉద్దేశించిన గ్రీజు రాయాలి. ఒక ప్యాడ్ మరోదాని కన్నా చాలా ఎక్కువ అరిగిందంటే పిన్ను పట్టేసిందన్న అర్థం వస్తుంది. తయారీదారు ఒక్కసారే వాడాలని చెప్పిన బోల్టులను మళ్లీ వాడకూడదు. క్యాలిపర్ బోల్టుల బిగింపు విలువలు వర్క్‌షాప్ మాన్యువల్ నుంచే తీసుకోవాలి, జ్ఞాపకం నుంచి కాదు.

చివరి బిగింపులోనే చాలామంది తడబడతారు. టైర్ల దుకాణంలో గాలి తుపాకీతో చక్రపు బోల్టులను ఒకదాని తర్వాత ఒకటి బిగించేస్తారు. ఒక్కో బోల్టు ఒక్కో బిగువుతో ఉంటే డిస్కు టోపీ ఒత్తిడికి లోనై, అంత శ్రద్ధగా సాధించిన రనౌట్ చెడిపోతుంది. చేత్తో అందించి, ఎదురెదురుగా నక్షత్రం ఆకారంలో, టార్క్ రెంచ్‌తో రెండు విడతల్లో బిగించాలి. ఏడో తరం గోల్ఫ్‌కు ఆ విలువ 120 న్యూటన్ మీటర్లు. ఇది డిస్కులు మార్చిన రోజుకే పరిమితం కాదు, పంక్చర్ వేయించిన ప్రతిసారీ వర్తిస్తుంది.

కారును కదిపే ముందు పెడల్‌ను గట్టిపడే వరకూ పలుమార్లు తొక్కాలి. వెనక్కి నెట్టిన పిస్టన్లు ప్యాడ్‌ను చేరేందుకు కొన్ని తొక్కులు పడతాయి. ఇది మరచి రివర్స్ వేసి గోడను ఢీకొన్న ఉదంతాలు వర్క్‌షాపుల్లో కొత్త కాదు.

తొలి కిలోమీటర్లు

కొత్త ప్యాడ్ కొత్త డిస్కుపై తన పదార్థాన్ని పలుచని సమమైన పొరగా పరిచినప్పుడే పూర్తి పట్టు వస్తుంది. ఈ ప్రక్రియే బెడ్డింగ్. ప్యాడ్ తయారీదారు ఇచ్చిన పద్ధతి ఉంటే అదే పాటించాలి. లేనిపక్షంలో సాధారణంగా అనుసరించేది ఇది. రద్దీ లేని రహదారిపై, వెనుక వాహనాలు లేవని నిర్ధారించుకుని, నిర్దేశిత వేగ పరిమితికి లోబడి 80 నుంచి 20 కిలోమీటర్ల వరకూ మధ్యస్థ ఒత్తిడితో ఎనిమిది, పది సార్లు వేగం తగ్గించాలి. ప్రతిసారికీ మధ్య కొంత దూరం బ్రేకు తాకకుండా వెళ్లాలి. ఏ దశలోనూ పూర్తిగా ఆగకూడదు. ఆ తర్వాత పది నిమిషాలు బ్రేకు అవసరం రాకుండా నడిపి చల్లార్చాలి. కాస్త ఘాటు వాసన, పలుచని పొగ రావడం మామూలే. డిస్కు ముఖం అంతటా ఒకే బూడిద నీలం ఛాయ కనిపిస్తే పొర సమంగా ఏర్పడినట్టు.

తొలి రెండు వందల కిలోమీటర్ల వరకూ అవసరం లేని తీవ్రమైన బ్రేకింగ్‌ను మానాలి. కారు ఆ పరిమితి దాటాక చక్రపు బోల్టుల బిగువును మరోసారి టార్క్ రెంచ్‌తో సరిచూడాలి. వర్షాకాలంలో ఒక రాత్రి నిలిపి ఉంచితే డిస్కు ముఖంపై ఎర్రటి తుప్పు పొర కనిపిస్తుంది. రెండు మూడు సార్లు బ్రేకు వేయగానే అది పోతుంది. వారాల తరబడి కదలని కారులో మాత్రం ప్యాడ్ ఆకారంలో తుప్పు గుంతలు పడి, బ్రేకు తొక్కినప్పుడు అవే కంపనంగా తెలుస్తాయి. కారు కడిగిన వెంటనే షెడ్డులో పెట్టి తాళం వేయకుండా, ఒక కిలోమీటరు నడిపి బ్రేకులు ఆరనిచ్చి నిలపడం ఆ గుంతలకు నివారణ.